నందివర్ధనం మూల

లింగియాడీహ్, బిలాస్‌పూర్
9 జూలై 2024

వదినకు చిన్నతల్లి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టే అలవాటు ఈసారికి తప్పుతోంది. మన వేణు కూతురు శ్వేతకు కామెర్లు వచ్చాయి. ఆరేళ్ళ పిల్ల, కళ్ళు పచ్చగా అయిపోయి, ముద్ద నోట్లో పెడితే వాంతి. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచి నిన్ననే ఇంటికి తెచ్చాం. ప్రాణభయం లేదన్నారు. ఫోను చేద్దామంటే నీకు వినపడదు. పక్కింటివాళ్ళ చేత నీ చెవిలో చెప్పిస్తే నౌపడ అంతా వింటుంది. అందుకే ఉత్తరం. ఉత్తరంలో ఇంకో సుఖం కూడా ఉంది. వేణు తెలుగు కూడబలుక్కుని చదవడమే గొప్ప, కోడలు తనూజకు అదీ రాదు. ఇది బల్ల మీద వదిలేసి వెళ్ళినా నా గుట్టు నాకే ఉంటుంది.

డాక్టరు మందులు రాయడానికి ముందే ఒక ప్రశ్న అడిగాడు. మీ ఇంట్లో బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ దూరమెంత అని. వేణు ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచాడు. పన్నెండు అడుగులు. నీళ్ళు పరీక్షకు పంపితే ఉండకూడనివన్నీ ఉన్నాయని తేలింది. ఇప్పుడు తాగడానికీ వండడానికీ డబ్బా నీళ్ళు తెప్పిస్తున్నాం.

ధనీరామ్ అని బెల్తరా ఊరి మేస్త్రీని పిలిపించాం. ముప్ఫై ఏళ్ళ కిందట మన పాత ట్యాంకు కట్టింది వాళ్ళ నాన్నే. ధనీరామ్ మూత లేపి వెదురుకర్ర దించి చూసి పెదవి విరిచాడు. అడుగున కాంక్రీటు లేదట, గోడ చీలిందట, మురికంతా బోరు వైపే ఊరుతోందట. దాన్ని ఖాళీ చేసి పూడ్చేసి, మూడు అరల ట్యాంకు వేరే చోట కట్టాలన్నాడు. వేరే చోటంటే ఎక్కడ? గేటు దగ్గర పెడితే అక్కడా బోరు ఇరవై అడుగుల్లోపే. పోనీ బోరే మార్చేద్దామంటే పక్కింటివాళ్ళు రెండు చోట్ల వేయిస్తే దుమ్మే తప్ప నీళ్ళు పడలేదు. పెరడంతా తిరిగి తిరిగి వాయవ్యం మూల నందివర్ధనం దగ్గర ఆగాడు. "మాజీ, ఇదే జగహ్. మా బాబూ అప్పుడే చెప్పాడు సాహెబ్‌కి, ట్యాంకు ఇక్కడే కట్టుకోమని. సాహెబ్ విన్లేదు. ఒక్క పూలమొక్క కోసం జిద్ చేశాడని చచ్చేదాకా చెప్పుకుని నవ్వేవాడు" అన్నాడు.

వాస్తు పేరు చెప్పి ఆపుదామంటే వాస్తుకూ ట్యాంకు వాయవ్యంలోనే ఉండాలట. 

ఆ మొక్క కింద ఎవరున్నారో నీకు తెలుసు. నీ తమ్ముడు పోయి మూడేళ్ళు. తెలిసినవాళ్ళం ఇక నువ్వూ నేనే. నా మొదటి కాన్పు పిల్ల, పదకొండు రోజుల నా బుజ్జమ్మ ఉన్నచోట మరుగుదొడ్డి గొయ్యి తవ్వుతామంటున్నారు వదినా. తనకో అక్క ఉండేదని వేణుకే తెలియదు. వాణ్ణి ఏమని ఆపను? పెద్దదానివి, దారి చెప్పు.

నీ మరదలు
చిన్నతల్లి

*

నౌపడ
20 జూలై 2024

చిన్నతల్లికి అప్పయమ్మ దీవెనలు.

నీ ఉత్తరం ఎనిమిది రోజులకు చేరింది. మీ వైపు నుంచి బొగ్గుబండి రెండు రోజుల్లో వచ్చేస్తుంది, కవరు మాత్రం కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. నా సంగతి అడగలేదు కానీ చెబుతాను. చెవులు పోయాక ఊళ్ళో తగువులేవీ వినపడక నా ఒళ్ళు బాగుపడింది. మోకాళ్ళు మాత్రం మాట వినడం లేదు.

శ్వేతకు నూనె, కారం పెట్టకండి. చెరుకురసం అని బజారులో ఎవడో పిండింది తాగించకండి.

ఇక నువ్వు అడిగినదానికి. తవ్వించెయ్. ఉన్న పిల్ల ఆ నీళ్ళు తాగి మంచాన పడితే లేని పిల్ల కోసం ఆలోచిస్తావా? ముప్ఫై నాలుగేళ్ళయింది. ఇప్పుడు ఆ మొక్క కింద ఏముంటుందే? పాలు తాగే పిల్ల ఒంట్లో ఎముకెంత, కండెంత. ఏమీ ఉండదు. నా మాట విని వేణుకు ఏమీ చెప్పకు. చెబితే వాడికో బెంగ, నీకో ఏడుపు. మొక్కను వేళ్ళతో తీయించి ఏదైనా డబ్బాలో పెట్టుకో. తవ్వే రోజు నువ్వు గతౌరాలో నీ స్నేహితురాలు రాజశ్రీ ఇంటికి పోయి సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకుని రా. మేస్త్రీ పని మేస్త్రీ చేసుకుంటాడు.

ఆలస్యం చెయ్యకు.

అప్పయమ్మ

*

లింగియాడీహ్
2 ఆగస్టు 2024

వదినకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏమీ ఉండదని అంత సులువుగా ఎలా రాశావు? నీ కడుపున పుట్టినది కాదు కదా అనే మాట నోటిదాకా వచ్చింది. ఇదిగో, కలం దాకా కూడా వచ్చేసింది. కొట్టెయ్యను.

నువ్వు మరిచిపోయావేమో, నేను మరవలేదు. ఇంజన్ల షెడ్డు వెనక రైల్వే క్వార్టరు. ఇల్లు కట్టుకోవడానికి ఈ జాగా అప్పటికే తీసుకున్నాం. పచ్చి బాలింతని గడప దాటకూడదన్నారు. బారసాల కాని పిల్లకు కాష్ఠం ఉండదు, మట్టిలోనే పెట్టాలన్నారు. నా ఆకుపచ్చ రవికెగుడ్డలో చుట్టింది నువ్వే. నల్లపూసల మొలతాడు విప్పబోతే ఉంచమని నేను ఏడిస్తే ఉంచావు. నీ తమ్ముడు పిల్లను ఎత్తుకుని, తనతో షెడ్డులో పనిచేసే, ఇప్పుడు లేని అమ్మన్నను తోడు తీసుకుని సైకిలు మీద వెళ్ళాడు. నేను కిటికీ చువ్వలు పట్టుకుని సైకిలు మలుపు తిరిగేదాకా చూశాను. అంతే నేను చూసింది.

సాయంత్రం ఆయన తిరిగొస్తే నేనే అడిగాను, మన జాగాలోనేనా అని. "ఆఁ, మన జాగాలోనే. వాయవ్యం మూలన ఎట్టీసినాను. పరాయి మట్టిలో ఎడతానేటి? మన పిల్ల ఎక్కడికీ ఎల్లదు" అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను బతికాను వదినా. ఇల్లు కట్టేటప్పుడు ఆ మూల వదిలేసి కట్టాం. నందివర్ధనం నేనే నాటాను. ప్రతి శుక్రవారం సాయంత్రం దీపం పెడితే, వానాకాలంలో గొడుగు పట్టుకుని నిలబడేవాడు. అగ్గిపెట్టె ఆయన జేబులోనే ఉండేది, బీడీ మానేశాక కూడా. పోయే ముందు రెండు రోజులు మాట సరిగా రాలేదు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని "చిన్నతల్లీ, ఆ మూల..." అన్నాడు. దీపం నేను మాననులే, నువ్వు దిగులు పడకు అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. ఇక మాట్లాడలేదు.

అలాంటి చోటు తవ్వించి గతౌరా పోయి కబుర్లు చెప్పుకోవాలా నేను?

వేణుతో వద్దంటే వద్దన్నాను. కారణం అడిగితే చెప్పలేదు. "అమ్మా, ఏటీ జిద్? డాక్టర్ ఏటి సెప్పినాడో విన్లేదా నువ్వు?" అని మొదటిసారి నా మీద గొంతెత్తాడు. తనూజ అయితే ఒక్కటే అడిగింది. "మమ్మీజీ, మీకు శ్వేత ఎక్కువా, ఆ పూల పౌధా ఎక్కువా?" నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అది చూసి పిల్లను తీసుకుని పుట్టింటివాళ్ళ క్వార్టరుకు వెళ్ళిపోయింది. ట్యాంకు కట్టేదాకా రానంది. ఆమె తప్పేముంది? నేను తల్లినైతే అదే చేసేదాన్ని. తల్లినే కదా, అందుకే ఇలా చేస్తున్నాను.

వారమైంది. శ్వేత చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

చిన్నతల్లి

*

నౌపడ
14 ఆగస్టు 2024

చిన్నతల్లీ,

కొట్టెయ్యకుండా మంచి పని చేశావు. ఆ మాట నాకు పడాల్సిందే. పడింది.

నా కడుపున పుట్టలేదు, నిజమే. కానీ పదకొండు రోజులూ దానికి స్నానం నా కాళ్ళ మీదే. పన్నెండో రోజు పొద్దున నేను ఆ క్వార్టరు వెనక కొళాయి దగ్గర పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. అలవాటు. వేణ్ణీళ్ళు కూడా కాచేశాను. నీ మొగుడు వచ్చి చూసి, ఆ నీళ్ళు తీసుకెళ్ళి పారబోశాడు. అది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇది నాలుగో ఉత్తరం. ముందు రాసిన మూడూ చించేశాను. ఎందుకని అడగకు.

వేణుకు చెప్పొద్దన్నాను, అది తప్పు. చెప్పెయ్. వాడు మన రక్తం, అర్థం చేసుకుంటాడు. తనూజనూ పిల్లనూ ఇంటికి తెచ్చుకో. ట్యాంకు కట్టించు. ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను. తవ్వేటప్పుడు నువ్వు అక్కడ ఉండకు. దీపం నువ్వు మట్టికి పెట్టావా, పిల్లకు పెట్టావా? పిల్లకే అయితే ఎక్కడ పెట్టినా అందుతుంది. ముసల్దాని మాట అని తోసెయ్యకు.

అప్పయమ్మ

*

లింగియాడీహ్
14 సెప్టెంబరు 2024

వదినకు చిన్నతల్లి నమస్కారాలు.

కొళాయి దగ్గర నువ్వు కూర్చున్న సంగతి చదివి కోపమంతా పోయింది. అన్న మాటకు క్షమించు.

వేణుకు చెప్పేశాను. గూడ్సుబండి డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుకుంటున్నాడు. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను, ఆగలేకపోయాను. వాడు బూటు ఒకటి చేతిలో పట్టుకుని అలాగే విన్నాడు. అంతా అయ్యాక, "నాకు దీదీ ఉండేదా?" అన్నాడు. ఆ బూటు కింద పెట్టి "పేరేటి?" అన్నాడు. పేరు పెట్టలేదు నాన్నా, బారసాల దాకా రాలేదు, నేను మాత్రం బుజ్జమ్మ అనుకునేదాన్ని అన్నాను. వాడు ఆ పేరు రెండుసార్లు నోట్లోనే అనుకున్నాడు.

ఆ శుక్రవారం నేను దీపం పెట్టడానికి వెళితే వాన. వెనక్కి చూస్తే వాడు గొడుగు పట్టుకుని ఉన్నాడు. వాళ్ళ నాన్న నిలబడే చోటే నిలబడ్డాడు.

తర్వాత వాడే అన్నాడు. "తవ్వొద్దమ్మా. మనం క్వార్టరుకి ఎల్లిపోదాం. ఈ ఇల్లు అమ్మీద్దాం." వాడు కాదని పోట్లాడి ఉంటే నేనూ పోట్లాడేదాన్ని వదినా. సరే అనేసరికి ఓడిపోయాను. ఆయన సెలవులన్నీ కూడబెట్టుకుని ఇటుక మీద ఇటుక చూసుకుని కట్టించిన ఇల్లు. దీన్ని కొన్నవాళ్ళు మాత్రం ఆ మూల తవ్వకుండా ఉంటారా? మనమైతే కనీసం ఎవరున్నారో తెలిసి తవ్వుతాం.

తవ్వించడానికే సరేనన్నాను. వానలు వెళ్ళాక, దసరా అయ్యాక ధనీరామ్ మొదలుపెడతానన్నాడు. తనూజకు వేణు చెప్పాడు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. "నాకేం తెలుసు మమ్మీజీ" అంది. నిజమే, ఆమెకేం తెలుసు. పనయ్యాకే పిల్లతో సహా వచ్చేస్తానంది.

కొత్త దుప్పటి చింపి చిన్న సంచి కుట్టాను. ఏది దొరికితే అది, మొలతాడు పూస దొరికినా సరే, నా చేతులతో తీసుకుని అర్పా ఏట్లో కలిపి వస్తాను. నువ్వు అక్కడ ఉండొద్దన్నావు. ఈ ఒక్కటీ వినను వదినా. ఆ రోజు నన్ను గడప దాటనివ్వలేదు. ఈసారి దాటుతాను.

చిన్నతల్లి

*

నౌపడ
27 సెప్టెంబరు 2024

చిన్నతల్లీ,

కార్డు ముక్క మీద రాస్తున్నాను, తొందరగా అందాలని.

అర్పాలో మాత్రం వద్దు. మహానదికి తీసుకెళ్ళు, గోదావరికి తీసుకెళ్ళు, లేదంటే ఇక్కడికి తీసుకురా, సముద్రం దగ్గరే ఉంది. అర్పా వద్దు. నువ్వు అక్కడ కూర్చోవద్దు. నీకు దండం పెడతాను.

అప్పయమ్మ

*

లింగియాడీహ్
26 అక్టోబరు 2024

వదినకు,

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఓపికగా చదువు.

ముందు పాత ట్యాంకు పని పూర్తి చేశారు. బండి వచ్చి పైపుతో లాగేసింది. ధనీరామ్ మూతలు రెండు రోజులు తీసే ఉంచాడు, మనిషిని లోపలికి దిగనివ్వలేదు. "గ్యాస్ కనపడదు మాజీ, మనిషే కనపడకుండా పోతాడు" అన్నాడు. సున్నం పోసి, పైగోడలు లోపలికే పడగొట్టి, రాళ్ళూ మట్టీ వేసి పూడ్చాడు.

సోమవారం పొద్దున వేణు నందివర్ధనాన్ని వేళ్ళ మట్టితో సహా తీసి సగం కోసిన డ్రమ్ములో పెట్టాడు. ధనీరామ్‌కు సంగతి చెప్పాం. అతను చెప్పులు విప్పేసి, అగరుబత్తి వెలిగించి నేలకు దండం పెట్టుకున్నాడు. గునపం పక్కన పడేసి, తాపీతో కొంచెం కొంచెంగా గీశాడు. తీసిన మట్టినంతా ఇసుక జల్లెడలో పోసి చూపించాడు. నేను కుర్చీ వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి అడుగులో వేళ్ళు. రెండో అడుగులో పెంకుముక్కలు, ఒక సీసా మూత. ఆ మూత కనపడగానే కుర్చీలోంచి లేచి వంగి చూశాను. మూడో అడుగుకు పసుపు మొరం మొదలైంది. ధనీరామ్ ఆగాడు. గోతిలో కూర్చుని ఆ పక్క గోడను అరచేత్తో తడిమాడు, ఈ పక్క తడిమాడు. ఒక గడ్డ విరిచి చూశాడు. 

"ఏమైంది భయ్యా?" అన్నాను.

"మాజీ, ఏమీ అనుకోకండి. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి ఎన్నేళ్ళయినా కలిసిపోయే ఉంటుంది. పైది కిందకీ, కిందది పైకీ. ఇది చూడండి, పొర మీద పొర అలాగే ఉంది. ఈ మట్టిని ఇంతవరకూ ఎవ్వరూ తవ్వలేదు" అన్నాడు.

పొరపాటు పడుతున్నావు, ఇంకా ఇటు చూడు అన్నాను. ఇటు చూశాడు. అటు తవ్వమన్నాను, అటు తవ్వాడు. ట్యాంకుకు కావలసిన కొలత దాటి గోడ వరకూ తవ్వించాను.  చీకటి పడబోతుంటే వేణు వచ్చి నా భుజం పట్టుకుని "చాలమ్మా" అన్నాడు. అంత మేరా అదే మొరం, అవే పొరలు. గుడ్డపోగు లేదు. పూస లేదు. ఏమీ లేదు.

పసిపిల్ల కదా మట్టిలో కలిసిపోయిందని వేణు అన్నాడు. నేనూ అలాగే అనుకుందామని చూశాను. కానీ పిల్ల కలిసిపోతుంది. గాజుపూసలు ఎక్కడికి పోతాయి? గొయ్యి ఎక్కడికి పోతుంది?

నాలుగు రోజులుగా నీ కార్డు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అర్పా ఎందుకు వద్దన్నావు? నన్ను అక్కడ కూర్చోవద్దని ఎందుకు బతిమాలావు? ఆ మూడు ఉత్తరాలు ఎందుకు చించావు? ఆ రోజు పిల్ల వెళ్ళింది నీ చేతుల్లోంచి. నిజం రాయి. ఎంత చెడ్డదైనా రాయి.

సంచి మడిచి దిండు కింద పెట్టాను.

చిన్నతల్లి

*

నౌపడ
5 నవంబరు 2024

చిన్నతల్లీ,

రాస్తున్నాను. ఈసారి చించను.

వాళ్ళిద్దరూ పిల్లను తీసుకుని లింగియాడీహ్ జాగాకే వెళ్ళారు. తమ్ముడు బయానా ఇచ్చాడు కానీ రిజిస్ట్రీ ఇంకా కాలేదు. పార తీసేసరికి అమ్మినవాళ్ళ అన్న కర్ర పట్టుకుని వచ్చాడట. నా పొలంలో శవాన్ని పెడతావా, నీ బయానా నువ్వు పట్టుకుపో అన్నాడట. తమ్ముడు కాళ్ళు పట్టుకున్నాడట. వినలేదు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం దాకా ఆ రోడ్డు పక్కనే కూర్చున్నారు. చివరికి అమ్మన్న లేవదీసి అర్పా ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఇసుకలో పెట్టి, పైన రాళ్ళు పేర్చి, ముళ్ళకంప వేసి వచ్చారు.

ఇంటికి వచ్చి నాకు చెప్పాడు, కొళాయి దగ్గర నీళ్ళు పోసుకుంటూ. "లోపలికెల్లి సెప్తాను అక్కా" అన్నాడు. చెప్పడానికే వచ్చాడు చిన్నతల్లీ. వాడు నోరు తెరిచేలోపే, మన జాగాలోనేనా అని నువ్వు అడిగేశావు. నీ ముఖం చూశాడు. ఆఁ అనేశాడు. ఆ ఆఁ వెనక మిగతావన్నీ వచ్చాయి.

నీ ఒళ్ళు కుదుటపడ్డాక నిజం చెప్పి, నిన్ను ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి చూపిద్దామనుకున్నాడు. శ్రావణంలో అర్పా పొంగింది. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే రాళ్ళు కాదు, అసలు ఆ ఒడ్డే లేదట. వచ్చి నా దగ్గర కూర్చుని, "పిల్లని ఏరు పట్టుకుపోనాదని దానికి ఎలాగ సెప్పనే అక్కా? మొదట సచ్చిపోనాది, మళ్ళీ కొట్టుకుపోనాది అని సెప్పనా?" అని ఏడ్చాడు. నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు.

రిజిస్ట్రీ అయ్యాక నువ్వు మొక్క నాటావు. మేస్త్రీ అక్కడే ట్యాంకు కట్టమంటే, తవ్వితే నీకు తెలిసిపోతుందని వంటింటి వైపు కట్టించాడు. పక్కనే బోరు ఉందని వాడికి తెలియదా? షెడ్డులో ఇంజన్లు విప్పినవాడు. తెలిసే చేశాడు. ఆ ట్యాంకే ఇప్పుడు మనవరాల్ని మంచాన పడేసింది. అది చూడకుండా పోయాడు, అదృష్టవంతుడు.

వాడు పోయాక నా ఒట్టు తీరిపోయింది. అప్పుడైనా చెప్పాలి. జూలైలో నువ్వు దారి చెప్పమన్నప్పుడైనా చెప్పాలి. ఏమీ దొరక్కపోతే మట్టిలో కలిసిపోయిందనుకుంటావులే అనుకున్నాను. మేస్త్రీకి మట్టి చదవడం వస్తుందని నాకేం తెలుసు? పిరికిదాన్ని. నాలుగు నెలలు నువ్వు తనూజ చేత మాట పడ్డావు, వేణు చేత పడ్డావు. ఒక్క కార్డు ముక్కతో ఆపగలిగి ఉండీ ఊరుకున్నాను.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు.

అప్పయమ్మ

*

లింగియాడీహ్
30 నవంబరు 2024

వదినా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. జవాబు ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. నమస్కారం పెట్టడానికి మనసొప్పలేదు, మానడానికీ ఒప్పలేదు.

ట్యాంకు పూర్తయింది. మూడు అరలు, పైన స్లాబు, ఇంటికంటే ఎత్తుగా గాలిగొట్టం, పక్కన ఇంకుడు గొయ్యి. నీళ్ళు నింపి వారం రోజులు చూశాడు ధనీరామ్. వెంట్రుకంత కూడా దిగలేదు. బోరు కడిగి మందు వేయించి మళ్ళీ పరీక్షకు పంపితే ఈసారి బాగుందన్నారు. తనూజా శ్వేతా వచ్చేశారు. శ్వేత నిన్న రెండు దోసెలు తిని మూడోది అడిగింది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నేను కూడా ఉండాలి కదా.

ముప్ఫై ఏళ్ళపైన శుక్రవారాలు వదినా. ఏమీ లేని నేలకు నేను దీపం పెడుతుంటే, ఏమీ లేదని తెలిసిన మనిషి అగ్గిపుల్ల గీసి ఇచ్చాడు. ఒక్క శుక్రవారం కూడా విసుక్కోలేదు. కోపం తెచ్చుకుందామని కూర్చుంటే ఆ గొడుగే కళ్ళ ముందుకొస్తుంది. వానలో ఆయన వీపు తడిసిపోయేది, గొడుగంతా దీపం మీదే ఉండేది. చివర్లో "ఆ మూల..." అన్నాడు కదా. చెప్పబోయాడు. దీపం మాననులే అని నేనే అడ్డుపడ్డాను. మొదటిసారీ నేనే చెప్పనివ్వలేదు, చివరిసారీ నేనే చెప్పనివ్వలేదు. 

నీ మీద కోపం ఉంది. దాచను. తగ్గుతుందో లేదో తెలియదు.

నిన్న శుక్రవారం వేణును తోడు తీసుకుని అర్పాకు వెళ్ళాను. కార్తీకం కదా, మన రైల్వే కాలనీ ఆడవాళ్ళు దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. నాకు వదలాలనిపించలేదు. ఒకసారి ఏరు తీసుకుపోయింది చాలదా? నేల మీద పెడదామని ప్రమిద వెలిగించాను. ఏరు సన్నగా ఒక పక్కన పోతోంది. మిగతాదంతా ఇసుక తోడిన గోతులు, ట్రాక్టర్ల జాడలు. వేణు అటూ ఇటూ చూసి "ఎక్కడెడదాం అమ్మా?" అన్నాడు. నాకు తెలియలేదు. ఎక్కడ పెట్టినా అది దాని చోటు కాదు. నూనె అయిపోయేదాకా ప్రమిద చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. వాడు రెండు చేతులూ గాలికి అడ్డం పెట్టాడు.

ఆ మూలలో అయితే కళ్ళు మూసుకుంటే పిల్ల ఉండేది. ఇప్పుడు ఎక్కడ చూసుకోవాలో తెలియడం లేదు. ఫొటో లేదు. ముఖం తలుచుకుంటే వేణు పుట్టినప్పటి ముఖమే వస్తోంది, దానిది రావడం లేదు. జ్వరంలో పడి ఉన్నాను కదా ఆ పదకొండు రోజులూ, పాలకు తెచ్చినప్పుడు తప్ప సరిగా చూసుకోలేదు. నువ్వు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని రోజూ నీళ్ళు పోశావు. ముక్కు ఎవరిది? జుట్టు ఒత్తుగా ఉండేదా? నీళ్ళు పోస్తుంటే ఏడ్చేదా, ఊరుకునేదా?

ఆ పిల్లను చూసినవాళ్ళలో ఇక నువ్వే ఉన్నావు వదినా. ఎలా ఉండేదో రాయి.

చిన్నతల్లి